వేళ్ళతో తీగ నొక్కలేని ఫిడేలు విద్యార్థినికి రిబ్బన్ వాద్యం: గమకం పలుకుతుందా? దాన్ని ఏమని పిలవాలి?

ఫిడేలు_పంతులమ్మ (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఫిడేలు మీద వర్ణాలు దాటి కృతులకు వచ్చిన ఒక అమ్మాయి కోసం అడుగుతున్నాను. ఎడమ చేతి నరం దెబ్బతింది. చూపుడు వేలు, మధ్య వేలు చాపి ఉంచగలదు గాని తీగను పలకకు ఆనించే బలం లేదు. ఉంగరం వేలు, చిటికెన వేలు ముడుచుకునే ఉంటాయి. భుజం, మోచెయ్యి బాగా కదులుతాయి. కుడి చేతికీ ఊపిరికీ ఏ లోపమూ లేదు. శృతి ఐదు (కీబోర్డు మీది జి స్వరం షడ్జం).

వేలు ఆనిస్తే స్వరం పలికే రిబ్బన్ సెన్సర్లు ఉన్నాయని విన్నాను. అడగదలచుకున్నవి మూడు.

దాని మీద గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ముఖ్యంగా తోడి రాగంలో ఊగే గాంధారం పలుకుతుందా, లేక కీబోర్డులాగా మెట్లు మెట్లుగా వస్తుందా? టంకం వేసే కుర్రాడు ఉన్నాడు, పాత లాప్‌టాప్ ఉంది. వీటితో ఇంట్లో తయారుచేయడానికి ఏమేం కావాలి? మూడోది అన్నిటికన్నా బరువైనది. "అమ్మాయి వాయిస్తోందా, మిషన్ వాయిస్తోందా?" అని పెద్దలు అడిగితే ఏం చెప్పాలి?

సాలూరు_సోల్డర్

అమ్మా, తోడి గాంధారం పలుకుతుంది. కొలతలు సరిగ్గా ఎంచుకుంటేనే.

అందరూ చేసే మొదటి తప్పు రిబ్బన్ ఎంత పొడుగుంటే అంత మంచిదనుకోవడం. 500 మి.మీ. రిబ్బన్ కొని, దాని మీద రెండు స్థాయిలు సమంగా పరిచేస్తారు. అప్పుడు మి.మీ.కు 4.8 సెంట్లు వస్తాయి (అర్ధస్వరం అంటే 100 సెంట్లు). తోడి గాంధారం శుద్ధ రిషభానికీ శుద్ధ మధ్యమానికీ మధ్య ఊగేది. ఆ దూరం సుమారు 386 సెంట్లు, అంటే రిబ్బన్ మీద 80 మి.మీ. సెకనుకు నాలుగైదు సార్లు చెయ్యి 80 మి.మీ. పోయి రావాలి. అదే ఫిడేలు తీగ మీదయితే 61 మి.మీ. చాలు. పైగా ఆ అమ్మాయి చేతికి ఫిడేలు దూరాలు వచ్చేసి ఉన్నాయి. వాటిని పారేసుకోవడం ఎందుకు?

అందుకని 200 మి.మీ. సాఫ్ట్‌పాట్ రిబ్బన్ (10 కిలో ఓమ్‌లది) తీసుకోండి, దాన్ని ఒక ఫిడేలు తీగగా లెక్కకట్టండి. ఫిడేలు తీగ మోగే పొడవు సుమారు 325 మి.మీ. మెడ చివరి (తీగ మోగడం మొదలయ్యే చోటు) నుంచి వేలు ఉన్న దూరం x అయితే:

సెంట్లు = 1200 × లాగ్2 (325 ÷ (325 − x))

ఇలా లెక్కకడితే అంతర గాంధారం 65 మి.మీ. దగ్గర, శుద్ధ మధ్యమం 81 దగ్గర, పంచమం 108 దగ్గర, పై షడ్జం 162.5 దగ్గర పడతాయి. ఆవిడ ఫిడేలు మీద టేపు పెట్టి కొలిచి చూడండి, ఇంచుమించు అక్కడే ఉంటాయి. 200 మి.మీ.లో ఒక స్థాయి నిండి, పైన ఇంకో నాలుగున్నర అర్ధస్వరాలు దొరుకుతాయి. ఒక తీగకు అది ధారాళం. తీగలు మార్చుకోవడానికి నాలుగు మీటలు పెడదాం: స, ప, స, ప.

కావలసినవి:

- ప్రో మైక్రో బోర్డు (అట్మెగా32యూ4 చిప్పు), 5 వోల్టులు, 16 మెగాహెర్ట్జ్‌ది. అచ్చం ఇలాగే కనిపించే 3.3 వోల్టులు, 8 మెగాహెర్ట్జ్‌ది అంటగడతారు, క్రిస్టల్ మీద అంకె చదివి తీసుకోండి. ఊనో బోర్డు వద్దు, అది నేరుగా యూఎస్‌బీ మిడి (వాద్యాలు కంప్యూటరుతో మాట్లాడే భాష) వాద్యంగా కనబడదు.
- 200 మి.మీ. సాఫ్ట్‌పాట్, 5 వోల్టుల వైపు 470 ఓమ్‌ల రెసిస్టర్, ఒక పుల్‌డౌన్ రెసిస్టర్ (వేలు ఎత్తినప్పుడు విలువను సున్నాకు దింపేది).
- స్వరం హెచ్చుతగ్గులు ఊపిరితో నడపడానికి ఎంపీఎక్స్5010డీపీ పీడన సెన్సర్ (0 నుంచి 10 కిలోపాస్కల్).
- అక్వేరియం షాపులో దొరికే సిలికాన్ గొట్టం ఒక మీటరు, టీ ఆకారం జాయింటు ఒకటి.
- 35 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పు ఉన్న చదునైన టేకు పలక. వంపు ఉన్న చెక్క మీద రిబ్బన్ అంటిస్తే ఎవరూ నొక్కకుండానే లోపలి పొరలు కలిసిపోతాయి.

ఆ 470 ఓమ్‌లు ఎందుకంటే, రిబ్బన్ రెండు చివరలూ ఒకేసారి నొక్కుకుంటే 5 వోల్టులు నేరుగా గ్రౌండుకు తగిలి లోపలి పూత కాలిపోతుంది. పలక మీద పుస్తకం పెట్టినా చాలు, అదే పని అవుతుంది.

ప్రోగ్రాములో ఉండాల్సినవి చెప్తాను. రిబ్బన్‌ను సెకనుకు 500 సార్లు చదవాలి. ఎంచుకున్న తీగ ఖాళీ స్వరాన్ని నోట్‌గా పంపాలి. శృతి ఐదుకు మిడి నంబర్లు 55, 62, 67, 74. వేలి స్థానాన్ని పిచ్ బెండ్‌గా (నోట్‌ను పైకీ కిందికీ వంచే సందేశం) పంపాలి. బెండ్ మధ్య విలువ 8192. పరిధి ప్లస్ మైనస్ 24 అర్ధస్వరాలు పెడితే బెండ్ = 8192 + సెంట్లు × 3.413. పంచమం తీగలకు ఇంకో 2 సెంట్లు కలపండి, కీబోర్డు పంచమం 700 సెంట్లయితే మన పంచమం 702.

లాప్‌టాప్‌లో శబ్దం పలికించే సాఫ్ట్‌వేర్‌కు కూడా అదే 24 చెప్పాలి. వాటిలో మామూలుగా 2 ఉంటుంది. అది మార్చకపోతే వేలు ఒక స్థాయి మొత్తం జరిగినా ఒక్క అర్ధస్వరమే పైకి వెళుతుంది. బోర్డు వెలగగానే ఈ నాలుగు మిడి కంట్రోల్ సందేశాలు (సీసీ) పంపితే చాలావరకు తనే సర్దుకుంటుంది: సీసీ 101కి 0, సీసీ 100కి 0, సీసీ 6కి 24, సీసీ 38కి 0.

ఇక వణుకు. రిబ్బన్ విలువ కాస్త చిందులేస్తుంది. దాన్ని అణచడానికి కుర్రాళ్ళు సగటు తీసే ఫిల్టర్ గట్టిగా బిగిస్తారు. గమకం చచ్చేది సరిగ్గా ఇక్కడే. ఫిల్టర్ స్పందన కాలం (టైమ్ కాన్‌స్టంట్) 3 మిల్లీసెకన్లు అయితే ఏమీ కాదు. 30 మిల్లీసెకన్లు పెట్టారా, సెకనుకు ఐదు ఊపుల కంపితంలో వెడల్పు పావు వంతుకు పైగా తరిగిపోతుంది. అమ్మాయి మధ్యమం దాకా వెళ్ళినా వినేవాళ్ళకు అందదు, తప్పు ఆవిడ మీద పడుతుంది.

ఊపిరి సెన్సర్ ఊదనప్పుడు 0.2 వోల్టులు ఇస్తుంది, 0–5 వోల్టులను 0–1023గా చదివే బోర్డులో అది 41గా కనిపిస్తుంది. హాయిగా ఊదితే 3 కిలోపాస్కల్ వస్తుంది, అప్పుడు 317. కాబట్టి 50 నుంచి 317 వరకు ఉన్న మేరను 0–127గా మార్చి సీసీ 11కి (శబ్దం హెచ్చుతగ్గులు) పంపండి. 10 కిలోపాస్కల్ దాకా సాగదీస్తే బుగ్గలు పగిలేలా ఊదాలి. టీ జాయింటు మూడో కొసకు బిరడా పెట్టి, దానికి 1 మి.మీ. కన్నం వేయండి. గాలి పోయే దారి లేకపోతే ఊపిరి బిగబట్టినట్టుండి పది నిమిషాలకే తల తిరుగుతుంది. సెన్సర్ నోటికన్నా ఎత్తులో ఉండాలి, గొట్టం మధ్యలో కిందికి ఒక వంపు ఉండాలి. ఉమ్మి తడి ఆ వంపులోనే ఆగాలి, సెన్సర్‌లోకి చేరితే దాని పని అయిపోయినట్టే.

ఇంకొకటి. బ్లూటూత్ స్పీకరు మాట ఎత్తకండి. వేలికీ శబ్దానికీ మధ్య పదో వంతు సెకనుకు మించి ఆలస్యం ఉంటుంది. వైరుతోనే. ఆడియో బఫర్ 128 శాంపిల్స్ పెట్టండి, 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 2.7 మిల్లీసెకన్లు.

చీపురుపల్లి_కమాను

సోల్డర్ గారు లెక్కలు బాగా చెప్పారు, ఒప్పుకుంటాను. ఊపిరి దగ్గర మాత్రం ఆగాలి. ఆ అమ్మాయి కుడి చెయ్యి శుభ్రంగా ఉందంటున్నారు కదండీ. ఇన్నేళ్ళు కమానుకు పెట్టిన సాధకాన్ని పక్కన పెట్టి కొత్తగా ఊదడం నేర్పడం ఏటి?

ఫిడేలులో కమాను తిరిగేచోట స్వరం సన్నగా తెగుతుంది. జంట స్వరాలు, త్రికాలం పలికించే తీరు అంతా అందులోనే ఉంది. ఊపిరితో అది రాదు, సన్నాయి వాలు వస్తుంది. అదీ బాగుండొచ్చు గాని ఫిడేలు బాణీ కాదు.

కుడి చేతి కోసం ఇలా చేయొచ్చు. తిరిగినంతా పల్సులుగా లెక్కపెట్టే 600 పల్సుల రోటరీ ఎన్‌కోడర్ ఇరుసుకు పాత ప్రింటరులోని రబ్బరు రోలరు తొడగండి. 20 మి.మీ. వ్యాసం ఉన్న రోలరు అయితే ఒక చుట్టుకు 63 మి.మీ., మి.మీ.కు తొమ్మిదిన్నర పల్సులు. దాని మీద వెంట్రుకలు తీసేసిన పాత కమాను పుల్లో, నునుపు చేసిన వెదురు బద్దో అటూ ఇటూ లాగాలి. వేగం ఎంతో సీసీ 11 అంత. దిశ మారేచోట వేగం దానంతటదే సున్నా మీదుగా పోతుంది, స్వరం అక్కడ తెగుతుంది. ఎవరూ ప్రోగ్రాములో రాయక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు. ఎన్‌కోడర్‌ను నాలుగు రెట్ల పద్ధతిలో చదివితే వేగంగా లాగినప్పుడు ఈ చిన్న చిప్పుకు ఊపిరాడదు, ఒక్క రెట్టు చాలు. రబ్బరు మీద కొంచెం రోజిన్ రుద్దితే పట్టు ఉంటుంది, ఎక్కువైతే కీచుమంటుంది.

తీగ మార్చే నాలుగు మీటలు కమాను పిడి మీద బొటనవేలికి అందేలా పెట్టండి. కాలి పెడళ్ళు అనేవాళ్ళుంటారు. మనం మఠం వేసుకుని కూర్చుని వాయిస్తాం, పాదం మీద ఫిడేలు తల ఆనిస్తాం, పెడలు ఎక్కడ పెడతారు?

మీట నొక్కగానే ముందు కొత్త తీగ బెండ్ విలువ పంపి, ఆ తర్వాత నోట్ పంపాలి. వరస తిరగబడితే ప్రతి తీగ మార్పుకూ పిచ్చుక అరిచినట్టు "కిచ్" అంటుంది. పాత స్వరం తోక అప్పటికీ వినిపిస్తుంటే రెండు మిడి చానెళ్ళు మార్చి మార్చి వాడండి.

ఎడమ చేతికి చిన్న మాట. బలం లేని వేలి కొస మెత్తగా పరుచుకుంటే స్వరం అటూ ఇటూ పోతుంది. చూపుడు వేలికి కట్టుపట్టీ తొడిగి, దాని చివర 5 మి.మీ. గుండ్రటి నైలాన్ మొన పెట్టండి. కదలిక మోచెయ్యి నుంచి వస్తుంది కాబట్టి వేలికి శ్రమ లేదు. ఇనుప మొన వద్దు, రిబ్బన్ పై పొర గీరుకుపోతుంది. మన ఉక్కబోతకు పలక జిగురుగా తయారవుతుంది, వాయించే ముందు కాస్త టాల్కం పౌడరు రాయండి.

గొల్లపల్లి_పనస (బొబ్బిలి)

కరెంటు లేని దారి ఒకటుంది, ఎవరూ చెప్పలేదేమని రాస్తున్నాను. గోటువాద్యం. తమిళనాట చిత్రవీణ అంటారు. మెట్లు ఉండవు, ఎడమ చేతిలో నున్నటి ఎబొనీ కర్ర ముక్క తీగ మీద జారుతుంది. తీగను నొక్కే పనే లేదు, కర్ర బరువు చాలు. ముడుచుకున్న వేళ్ళయినా ఫరవాలేదు, అరచేతికి వెల్‌క్రో పట్టీతో కర్రను కట్టొచ్చు.

పాత బొబ్బిలి వీణ దొరికితే దండి మీది మైనంతో సహా 24 మెట్లూ తీయించి, మేరువు (తల వైపు తీగలు ఆనే చోటు) దగ్గర తీగలు ఎత్తు చేయించాలి. ఎత్తు చాలకపోతే కర్ర దండికి తగిలి టకటకమంటుంది. కర్ర తీగకు లంబంగా ఉండాలి, ఏటవాలుగా పెడితే పక్క తీగ శృతి తప్పుతుంది. చుట్టు తీగ మీద కర్ర గరగరమంటే కొబ్బరి నూనె తడి చేత్తో రాస్తే సరి. మెట్లు తీశాక తిరిగి నిలబెట్టడం పెద్ద పని. మంచి వీణ మీద ఈ ప్రయోగం చేయకండి.

దీనికి ఇబ్బంది మీటు. కమాను చెయ్యి మీటడానికి అలవాటు పడాలి, స్వరం కొన్ని క్షణాల్లో ఆరిపోతుంది. ఆ అమ్మాయికి నచ్చకపోవచ్చు. అయినా ముందు ఇది చూపించి, ఆ తర్వాత రిబ్బన్ మాట ఎత్తితే మంచిదని నా అభిప్రాయం.

రిబ్బనే అనుకుంటే శబ్దం గురించి ఒక సలహా. లాప్‌టాప్ స్పీకరులోంచి వచ్చే ఫిడేలు ప్లాస్టిక్ డబ్బాలా ఉంటుంది. ఎక్సైటర్ అని కోను లేని స్పీకరు ఉంటుంది, ఏ చెక్కకు అంటిస్తే ఆ చెక్కే మోగుతుంది. ఆవిడ సొంత ఫిడేలు వెనక పలకకు రెండు వైపులా అంటే టేపుతో పెట్టండి. జిగురు వద్దు, వార్నిష్ ఊడి వస్తుంది. పీఏఎం8403 అనే 3 వాట్ల చిన్న యాంప్లిఫయర్ బోర్డు సరిపోతుంది. దాని అవుట్‌పుట్ మైనస్ తీగను గ్రౌండుకు కలపకూడదు, కలిపితే బోర్డు పోతుంది. 150 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి, లేకపోతే చెక్క అదురుతుందే గాని పాడదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు శబ్దం ఫిడేలు పొట్టలోంచే వస్తుంది.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

మూడో ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. ఎదురు చెప్పే మనిషి ఒకడుండాలి కాబట్టి చెప్తున్నాను.

తీగ వేలికి బదులు చెబుతుంది. వేలు గట్టిగా ఆనితే స్వరం నిండుగా, తేలికగా ఆనితే గాలిగా వస్తుంది. సగం ఆనిన వేలి కింద నుంచి జారు తీస్తే ఒక మసక వస్తుంది, నీలాంబరిలో ఆ మసకే అందం. రిబ్బన్‌కు వేలు ఎక్కడుందో తెలుసు, ఎలా ఉందో తెలియదు. అటువైపు నుంచి నిరోధం లేదు. చేతికి ఎదురు లేని వాద్యంలో గమకం గీసిన గీతలా వస్తుంది, పలికిన మాటలా రాదు. పైగా ఎక్సైటర్ పెట్టి ఫిడేలు పొట్టలోంచి శబ్దం రప్పించడం నాకు మరీ ఎబ్బెట్టుగా ఉంది. చూసేవాళ్ళు ఫిడేలే వాయిస్తోందనుకుంటారు.

అమ్మాయి వాయించకూడదని కాదు నేననేది. దాన్ని ఫిడేలు అనకూడదు.

సాలూరు_సోల్డర్

ఆఖరి మాటతో ఏకీభవిస్తాను, మొదటిదానికి సగం మందు ఉంది. రిబ్బన్ పలక కింద రెండు చివరలా బరువు కొలిచే సెన్సర్లు (ఎఫ్‌ఎస్‌ఆర్) పెట్టి, వచ్చిన విలువను సీసీ 74కి పంపితే స్వరం నిండుదనం, గాలితనం వేలి బరువును బట్టి మారతాయి. ఈ విద్యార్థిని వేలికి బలం లేదు కాబట్టి, మోచెయ్యి బరువుకు తగ్గట్టు తక్కువ మేరలోనే దాన్ని బిగించాలి. ఎదురు అంటారా, అది లేదు. ఒప్పుకోవాల్సిందే.

గంటస్తంభం_దగ్గర (విజయనగరం)

ఒడ్డు గారు లేవనెత్తింది కొట్టిపారేసేది కాదు. అయితే మన దగ్గర ఈ తగువు కొత్తదీ కాదు. ఫిడేలే మనది కాదు కదా. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. 1919లో మన ఊళ్ళో సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు ఆచార్యులయ్యేనాటికి దాన్నెవరూ పరాయి వాద్యం అనలేదు. ఆయన చూపు బాగా మందం. ఆ కళాశాల పుట్టిందే చూపు లేని ఒక కుర్రాడికి సంగీతం చెప్పించడం కోసమని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

హార్మోనియం సంగతి వేరు. 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది, 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. అది గమకం పలికించలేదన్నది పెద్ద ఆక్షేపణల్లో ఒకటి. అంటే అప్పటి పెద్దలకు కూడా లోపం కనబడింది అది పరాయిది కావడంలో మాత్రమే కాదు, గమకంలో కూడా. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మాండొలిన్ కరెంటుది, జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలకు తగ్గించినది. గమకం పలికింది, సభలు తలుపు తీశాయి.

నొక్కకుండా వాయించడానికి కూడా పాత దారి ఉంది. క్లారా రాక్‌మోర్ ఫిడేలు విద్వాంసురాలు. చెయ్యి సహకరించక ఫిడేలు వదిలేసి, గాలిలో చెయ్యి ఆడిస్తే పలికే థెరమిన్‌కు మారింది. ఆ వాద్యానికి మెట్టూ లేదు, తీగా లేదు, ఒడ్డు గారన్న ఎదురు అసలే లేదు. ఆవిడ చెవి, నరాల పట్టు మీదే అది నిలబడింది. తన వాద్యాన్ని ఆవిడ ఫిడేలు అనలేదు, థెరమిన్ అనే అంది.

అందుకని "అమ్మాయా, మిషనా?" అన్న ప్రశ్నకు జవాబు వాద్యంలో వెతకొద్దు, సెట్టింగుల్లో వెతకండి. ఈ సాఫ్ట్‌వేర్లలో కొన్నిటిలో వేలు కొంచెం తప్పినా దగ్గరి స్వరానికి లాగేసే సదుపాయం ఉంటుంది. మాయామాళవగౌళ రాగం స్వరాలు ఎంచుకుంటే తప్పు స్వరం అసలు పలకదు. దాన్ని సున్నా చేయండి. అది ఉన్నంతసేపూ వాయిస్తున్నది మిషనే.

రెండోది, ఫిడేలు శాంపిళ్ళు, అంటే రికార్డు చేసి పెట్టిన ఫిడేలు శబ్దాలు. ఎవరో విద్వాంసుడు వాయించి పెట్టిన గమకాన్ని మీట నొక్కితే పలికించేవి ఉన్నాయి. ఆ గమకం ఆయనది. మామూలు శాంపిళ్ళు చాలావాటిలో కూడా పాశ్చాత్య వణుకు ముందే కలిసి ఉంటుంది, మీ కంపితం దాని మీద పడి రెండూ కొట్టుకుంటాయి. పైగా శాంపిల్‌ను నాలుగైదు అర్ధస్వరాలు పైకి లాగితే చిన్నపిల్ల గొంతులా పీలగా మారుతుంది. సర్జ్ ఎక్స్‌టీ అనే శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో రంపపు తరంగం ఒకటి తీసుకుని, ఫిడేలు పెట్టె మోగే చోట్లు 280, 460, 550 హెర్ట్జ్ దగ్గర కాస్త పెంచితే చాలు. అచ్చం ఫిడేలులా ఉండదు, ఉండక్కర్లేదు.

పెద్దలకు చూపించడానికి సాక్ష్యం కూడా ఉంది. అమ్మాయి వాయిస్తుండగా లాప్‌టాప్‌లో పిచ్ బెండ్ గీతను రికార్డు చేయండి. ఎవరికీ వరసగా రెండు గాంధారాలు ఒకేలా రావు. గీతలో అచ్చంగా ఒకే ఆకారం పదే పదే కనిపించినా, స్వరం మీద గీసినట్టు చదునుగా ఆగినా మిషన్ చెయ్యి పడ్డట్టు. మనిషి చేసిన గీత కొంచెం చిందరవందరగా ఉంటుంది.

కరపత్రంలో "రిబ్బన్ వాద్యం" అని వేయండి. కింద ఒక వాక్యం: స్వరం ఎడమ చేతి కదలికది, కమాను కుడి చేతిది, నాదం కంప్యూటరుది. ఎక్సైటర్ పెట్టినా అదీ రాయండి, ఒడ్డు గారి ఎబ్బెట్టు తీరుతుంది.

నాగావళి_ఒడ్డు

తీరలేదు గాని తగ్గింది. ఆ వాక్యం ఉంటే నాకు అభ్యంతరం లేదు. నీలాంబరి మాత్రం మొదట్లో వద్దు. కంపితం ఎక్కువ ఉన్న తోడి, కాంభోజి, శంకరాభరణం ముందు నేర్పండి. తేలికపాటి స్పర్శ మీద బతికే రాగాలు ఈ వాద్యానికి ఆఖర్న.

ఫిడేలు_పంతులమ్మ

అందరికీ దణ్ణం. కమాను రోలరు, 200 మి.మీ. రిబ్బన్ కలిపి కుర్రాడు కట్టాడు, రాగం పలుకుతోంది. రెండు చిక్కులు. ఖాళీ తీగా, చివరి స్వరాలూ తంబురాతో కలుస్తున్నాయి గాని మధ్యలో మ, ప అన్నీ దిగి పలుకుతున్నాయి. పంచమం దగ్గర గుర్తు కన్నా రెండు మి.మీ.కు పైగా ముందుకు పోతే గాని శృతి కలవడం లేదు. పుల్‌డౌన్ 100 కిలో ఓమ్‌లు వేశాడు. అది మెగా ఓమ్‌కు మారిస్తే మధ్యలో సరిపోయింది, కాని వేలు ఎత్తగానే స్వరం "ఊఁ" అని కిందికి జారుతోంది. రిబ్బన్ మధ్య కాలుకూ గ్రౌండుకూ నడుమ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది.

సాలూరు_సోల్డర్

రెండూ ఒకే చోటి జబ్బులు. పుల్‌డౌన్ విలువ మొదట్లోనే చెప్పాల్సింది, నాదే పొరపాటు. 10 కిలో ఓమ్‌ల రిబ్బన్ మధ్యలో ఉన్నప్పుడు 100 కిలో ఓమ్‌లు కొంత కరెంటు లాగేస్తాయి. 200 మి.మీ. మీద అది 2.4 మి.మీ. తేడా, 19 సెంట్ల దింపు. చివరల్లో ఈ తేడా ఉండదు కాబట్టే అక్కడ శృతి కలిసింది. మెగా ఓమ్‌తో అది 2 సెంట్లకు వచ్చేసింది.

జారడం కెపాసిటర్ వల్ల. 0.1 మైక్రోఫారడ్ మెగా ఓమ్ గుండా ఖాళీ కావడానికి పదో వంతు సెకను పడుతుంది, ఆ మేరకు స్వరం కిందికి పాకుతుంది. 10 నానోఫారడ్ పెట్టించండి, పదో వంతుకు తగ్గుతుంది. మిగిలిన కాస్తకు ప్రోగ్రాములో ఒక నియమం: 4 మిల్లీసెకన్లలో విలువ 60 కన్నా ఎక్కువ పడిపోతే అది జారు కాదు, వేలు ఎత్తడమే. అప్పుడు పాత స్వరాన్ని పట్టి ఉంచి, విలువ అట్టడుక్కి చేరాక ఒక్కసారిగా ఖాళీ తీగకు దూకాలి. 60 ఎందుకంటే బోర్డు లెక్కలో అది 12 మి.మీ.కు పైచిలుకు, చెయ్యి ఎంత వేగంగా జారినా 4 మిల్లీసెకన్లలో అంత దూరం పోదు.

ఇవి మార్చాక కొలత కొత్తగా తీయండి. 470 ఓమ్‌ల వల్ల పై చివర విలువ 1023 రాదు, 977 దగ్గర ఆగుతుంది. స్కేలు పక్కన పెట్టి 20 మి.మీ.కు ఒకసారి నైలాన్ మొన ఆనించి, వచ్చిన అంకె రాసుకుని, ఆ పట్టికను ప్రోగ్రాములో ఎక్కించండి. తర్వాత తంబురా పెట్టి పంచమం మీద కమాను నిలపమనండి. అలలు వినబడితే పలక మీద గుర్తు జరపొద్దు, పట్టికలో 100, 120 దగ్గరి అంకెలు సరిచూడండి.